ఉత్తరపు వెలుతురు: హెన్రీ రేబర్న్ చిత్రశాల

ఎడింబరో నగరమున యార్కు ప్లేస్ అను వీథియందు 32వ సంఖ్యగల రాతికట్టడ మొకటి నేటికిని నిలిచియున్నది. కట్టించినవాడు దానిని తన వృత్తికి తగినట్లుగా కట్టించుకొనెను. చిత్రములు వ్రాయు గదికి ఉత్తరదిశగా ఎత్తైన కిటికీ పెట్టించి, దానికి పెక్కు తలుపురెక్కలు అమర్పించి, ఏ రెక్క ఎంత తెరచినచో ఎదుట కూర్చున్నవాని నుదుటిపై ఎంత వెలుతురు పడునో, ఏ రెక్క మూసినచో చెక్కిలిక్రింద ఎంత నీడ నిలుచునో త్రిప్పి చూచుకొనుటకు వీలుగా ఏర్పాటు చేసికొనెను. సూర్యుడు సూటిగా ప్రవేశింపని ఆ కిటికీనుండి వచ్చునది ఫోర్త్ సముద్రశాఖమీదుగా దిగివచ్చు చల్లని, నిలుకడయైన, ఉత్తరదేశపు వెలుతురు. 18వ శతాబ్ది చివరి సంవత్సరములు మొదలు 1823 వరకు స్కాట్లండు దేశపు న్యాయాధిపతులు, మతాచార్యులు, వైద్యులు, తత్త్వవేత్తలు, కొండజాతుల నాయకులు, వారి భార్యలు, బిడ్డలు, ఒకరి వెనుక నొకరుగా వచ్చి ఆ వెలుతురులో కూర్చుండి లేచిపోయిరి. వారందఱును గతించిరి, ఆ వెలుతురు మాత్రము వారి ముఖములపై పడినది పడినట్లు చిత్రపటములయందు నిలిచియున్నది. దానిని అట్లు నిలిపినవాడు హెన్రీ రేబర్న్.

ఇతడు 1756వ సంవత్సరము మార్చి 4వ తేదీన, ఎడింబరోకు సమీపమున లీత్ అను చిన్నయేటి యొడ్డున, అప్పటికింకను పల్లెయైయుండిన స్టాక్‌బ్రిడ్జిలో జన్మించెను. తండ్రి నూలు ఉడుకబెట్టు పరిశ్రమ నడపిన గృహస్థు. తల్లిదండ్రులిరువురును బాల్యముననే మరణింపగా, పెంపకపు భారము అన్నయగు విలియముపై బడెను. పితృహీనులైన బాలుర పోషణమునకై జార్జి హెరియట్ అనువాడు తన ఆస్తిని ధారపోసి పెట్టించిన విద్యాలయములో ఈ బాలుడు చదువుకొనెను. ఆ హెరియట్ రాజునకు నగలు చేసిపెట్టిన స్వర్ణకారుడు. స్వర్ణకారుని ధర్మమున చదువుకొన్న బాలుడు 1772లో గిల్లిలాండ్ అను మఱియొక స్వర్ణకారుని యొద్దనే పనినేర్చుకొనుటకు కుదురుట చిత్రమైన సంఘటన.

కంసాలిపని ఇతనికి వృథా కాలేదని నా దృఢాభిప్రాయము. ఆ కాలమున ఐరోపాలో ఆత్మీయులు మరణించినప్పుడు వారి తలవెండ్రుకలను, చిన్న దంతపుపలకలపై వ్రాసిన బొమ్మలను ఉంగరములలోను పతకములలోను పొదిగించి ధరించు ఆచారముండెను. ఎడింబరోలో వైద్యవిద్య నభ్యసించుచు 1778లో అకాలమరణము నొందిన చార్లెస్ డార్విన్ అను యువకుని స్మృతికై రేబర్న్ చేసిన హృదయాకారపు పతకము ఒకటి మిగిలియున్నది. జీవపరిణామసిద్ధాంతమును ప్రతిపాదించిన డార్విన్ పండితునకు ఈ యువకుడు పెదతండ్రి. గోటిప్రమాణమైన పలకపై ఒక ముఖమును దించవలసినవాడు ఏది ఉంచవలెనో ఏది విడువవలెనో ముందుగనే తేల్చుకొనక తప్పదు. తరువాతి కాలమున నిలువెత్తు పటముల యెదుట రేబర్న్ చూపిన నిశ్చయబుద్ధికి బీజములు ఈ దంతపుపలకలపైననే పడినవి.

చిత్రకళ నతనికి క్రమముగా నేర్పిన గురువు లేడనియే చెప్పవలెను. డేవిడ్ డ్యూకర్ అను ముద్రల చెక్కడపుపనివాడు ఒకనాడు గిల్లిలాండ్ దుకాణమునకు వచ్చి, కుఱ్ఱవాడు గీచికొన్న బొమ్మను చూచి, నీకెవరు నేర్పిరని యడిగెననియు, నేర్చుకొనవలెనని యున్నది కాని సొమ్ములేదని బాలుడు చెప్పగా, తీరిక చిక్కినప్పుడెల్ల తానే పాఠములు చెప్పెదనని మాటయిచ్చెననియు ఒక కథ కలదు. ఆ డ్యూకర్ ముఖమును రేబర్న్ వ్రాసిన చిన్నచిత్రము నేటికిని ఉన్నది కనుక, కథలో వివరము లెట్లున్నను, కృతజ్ఞత మాత్రము నిజమని నమ్మవచ్చును. తరువాత నగరమున పేరుపొందిన డేవిడ్ మార్టిన్ అను రూపచిత్రకారుడు తన పటములను నకలు తీసికొనుట కిచ్చెను. 20 ఏండ్లు నిండునప్పటికి ఈ కంసాలి శిష్యుడు జార్జి చామర్స్ అను పెద్దమనుష్యుని నిలువెత్తు చిత్రమును వ్రాయుటకు సాహసించెను. 1776 నాటి ఆ పటమున తడబాటు కనబడకపోదు. అంగుళమాత్రపు పలకనుండి మనిషి ప్రమాణమునకు ఒక్కయడుగున దాటినవానికి తడబాటు సహజము.

1780 ప్రాంతమున ఆన్ ఎడ్గార్ అను వితంతువును రేబర్న్ వివాహమాడెను. ఆమె ఇతనికంటె 12 సంవత్సరములు పెద్దది, బిడ్డల తల్లి, డీన్‌హా అను ఇల్లును కొంత ఆస్తియును గలది. ఆమె తన చిత్రము వ్రాయించుకొనుటకై వచ్చినప్పుడు పరిచయమేర్పడినదనియు, నెలదినములలో పెండ్లియైనదనియు చెప్పుదురు. ఆస్తికై చేసికొన్న పెండ్లి యని లోకమనుకొని యుండవచ్చును. కాని రేబర్న్ తరువాతి కాలమున భార్యను వ్రాసిన చిత్రమును శ్రద్ధతో చూచువానికి అట్టి సందేహము నిలువదు: చెంపకు చేయి ఆనించి, తనకు పరిచితమైన దానినే చూచునట్లు ప్రశాంతముగా చూచుచున్న ఆ ప్రౌఢాంగనను అట్లు వ్రాయుటకు చాలకాలపు స్నేహము కావలెను.

ఆ కాలపు స్కాట్లండు స్థితిని ఇచ్చట కొంత తెలిసికొనవలసియున్నది. 1707లో ఇంగ్లండు స్కాట్లండుల శాసనసభలు ఏకమైన పిమ్మట రాజకీయాధికారము లండనుకు తరలిపోగా, దానివెంట ప్రభువంశములు, వారివెంట వారి నాశ్రయించిన కళాకారులు తరలిపోయిరి. రేబర్న్‌కు ముందుతరమున స్కాట్లండు కన్న మహాచిత్రకారుడు, సవరపుజుట్టు అమ్ముచు కవిత్వము చెప్పిన వాని కుమారుడు, ఆలన్ రామ్సే లండనుకే పోయి, మూడవ జార్జిరాజు ఆస్థానచిత్రకారుడై, దేశవిదేశములకు రాజచిత్రముల నకళ్ళు పంపుటలో చేతినైపుణ్యమంతయు వ్యయించెను. అయితే ఎడింబరో శూన్యము కాలేదు. న్యాయస్థానములు, చర్చి, విశ్వవిద్యాలయము అచ్చటనే నిలిచెను. ప్రభువులు విడిచిన నగరమును పండితులు ఆక్రమించిరి. పాతకోట నానుకొనియున్న ఇరుకుసందులను దాటి, 1767 నాటి జేమ్స్ క్రేగ్ పథకము ననుసరించి, తిన్నని వీథులతో విశాలమైన కొత్తనగరము లేచుచుండెను. కొత్తయిండ్లకు కొత్తగోడలు, ఆ గోడలపై వ్రేలాడదీయుటకు రూపచిత్రములు కావలసివచ్చెను.

1784లో రేబర్న్ ఇటలీ దేశమునకు బయలుదేరి, దారిలో లండనులో సర్ జాషువా రెనాల్డ్స్‌ను దర్శించెను. మైకెలాంజిలోను చక్కగా చూడుమని ఆ వృద్ధచిత్రకారుడు బోధించి, ధనముకూడ ఇవ్వజూపెననియు, భార్య ఆస్తిమూలమున రేబర్న్‌కు ధనలోపము లేనందున పరిచయపత్రములు మాత్రము గ్రహించెననియు అందురు. రోమునగరమున ఇంచుమించు రెండేండ్లున్నను, అచ్చటి మహాకృతుల ప్రభావము ఇతని పటములలో బాహాటముగా కనబడదు. ఇతడు రోమునుండి తెచ్చుకొన్న నిజమైన ధనము ఒక స్కాట్లండువాని నోటిమాట. ప్రాచీనవస్తువుల వర్తకముచేయుచు అచ్చట స్థిరపడిన జేమ్స్ బయర్స్ ఇతనికి చెప్పిన హితవు ఇది: ముఖము సరే సరి, వెనుకనుండు కుర్చీయైనను, తెరయైనను, తుదకు చేతిలోని వస్తువైనను కన్నులయెదుట నుంచుకొనక జ్ఞాపకమునుండి వ్రాయవలదు. రేబర్న్ ఆ మాటను జీవితాంతము పట్టుకొనెను. ఎదుటనున్న దానినే వ్రాయవలెనను ఆ నియమమే ఇతని బలము. ఇతని పరిమితియు అదియే.

స్వదేశమునకు తిరిగివచ్చి జార్జి వీథిలో మొదట చిత్రశాల తెరచి, పిమ్మట యార్కు ప్లేస్‌లో స్వంతగృహము కట్టించి, ఇతడు గడపిన దినచర్య గడియారమువలె నడచెను. ఉదయము 7 గంటలకు లేచి, 8కి ఫలాహారము ముగించి, 9 గంటలకు చిత్రశాల చేరి, దినమునకు ముగ్గురినో నలుగురినో కూర్చుండబెట్టుకొని, సాయంకాలము 5 గంటలవరకు వ్రాయుచుండెనని చరిత్రకారుడు ఆలన్ కన్నింగ్‌హామ్ చెప్పుచున్నాడు. వ్రాయు పద్ధతియు విలక్షణమైనది. సుద్దతోగాని బొగ్గుతోగాని ముందుగా రేఖలు గీచుట లేదు. చేయి వణకకుండుటకై చిత్రకారులు ఊతగా వాడు కఱ్ఱను ఇతడు ముట్టుకొనలేదు. మనిషిని ఎత్తైన వేదికపై కుర్చీలో కూర్చుండబెట్టి, తాను గది కొసవఱకు వెనుకకు నడచిపోయి, అచ్చట నిలిచి నిదానించి చూచి, పటముకడకు వడివడిగా వచ్చి, ఎదుటివానివైపు కన్నెత్తకయే కొన్ని నిమిషములు వ్రాసి, మరల వెనుకకు నడచుచుండెను. నుదురు, గడ్డము, ముక్కు, నోరు, ఈ నాలుగును మొదట నిలబెట్టిన పిమ్మటనే తక్కినవి. ముతకనేత గుడ్డపై వెడల్పు కుంచెతో పలకలు పేర్చినట్లు రంగును పెట్టుటచే దగ్గఱనుండి చూచినచో అది ముఖమువలె నుండక విడివిడి రంగుల అతుకులవలె నుండును; పదియడుగులు వెనుకకు జరిగినచో ఎముకయు, మాంసమును, చూపును ఒక్కసారిగా కూడుకొనును. చూచిన దూరమే వ్రాతయందును నిలిచినది. కంసాలి దీపముక్రింద కన్నానించి పనిచేసిన కుఱ్ఱవాడు ఇంతదూరము వెనుకకు నడచుట నేర్చినాడే యని తలచినప్పుడెల్ల నాకు ఆశ్చర్యము కలుగుచుండును.

వెలుతురుతో ఇతడు చేసిన సాహసములలో పెనిక్విక్ ప్రభువు సర్ జాన్ క్లార్కును అతని భార్యను చూపు 1791 నాటి చిత్రము ముఖ్యమైనది. అది నేడు డబ్లిన్‌లోని జాతీయచిత్రశాలలో నున్నది. దంపతులు తమ భూములలో విహరించుచు నిలిచియున్నారు. భర్త చేయిచాచి దూరముననున్న దేనినో చూపుచున్నాడు. సూర్యుడు వారి వెనుకప్రక్క నున్నాడు కనుక ముఖములు నీడలోనికి పోవలసినది. కాని భార్య ధరించిన తెల్లని వస్త్రముపై పడిన వెలుగు పైకి ప్రతిఫలించి ఇరువురి ముఖములను మృదువుగా వెలిగించుచున్నది. రూపచిత్రము వ్రాయించుకొనుటకు డబ్బిచ్చినవాని ముఖమును నీడలో పెట్టుటకు ధైర్యము కావలెను. ఆ నీడనే అందముగా మార్చుటకు నేర్పు కావలెను.

మరి నీల్ గౌ చిత్రము. 1727లో పుట్టిన ఈ ఫిడేలు విద్వాంసుడు పల్లెటూరివాడు. నాట్యగీతములు కట్టుటలో దేశమంతట పేరుపడినవాడు. రేబర్న్ ఇతనిని సామాన్యమైన కుర్చీపై, గడుల ఉన్నివస్త్రపు పొట్టిలాగుతో, వాద్యమును భుజమున కానించి, దృష్టి దించి కూర్చుండబెట్టెను. వెనుక నేమియు లేదు. పొడుగైన మునివ్రేళ్ళు తీగెలపై నున్నవి. కమాను చేతిలో తేలికగా నున్నది. ముఖము తన పాటనే తాను వినుచున్నట్లున్నది. న్యాయమూర్తికి ఇచ్చిన మర్యాద ఏదియు ఇతనికి తక్కువ చేయలేదు. మన గ్రామములలోని నాగస్వరవిద్వాంసుల నెవరైన ఈ విధముగా వ్రాసిపెట్టియుండినచో ఎంత బాగుండెడిదో యని ఈ పటము నాకు పలుమారు అనిపింపజేసినది.

విద్వాంసుల చిత్రములు కొల్లలు. భూమి వయస్సు వేలయేండ్లు కాదనియు, ఆద్యంతములు కనబడనంతటి దీర్ఘకాలమనియు శిలలను చూచి చెప్పిన జేమ్స్ హట్టన్ తన రాళ్ళముక్కలను బల్లపై పెట్టుకొని చేతులు కట్టుకొని కూర్చుండినాడు. హట్టన్ సిద్ధాంతమును లోకమునకు అర్థమగునట్లు వివరించిన గణితాచార్యుడు జాన్ ప్లేఫేర్ మరియొక పటమున నున్నాడు. ఈ ప్లేఫేర్ మనకు దూరపువాడు కాడు. భారతీయ జ్యోతిర్గణితముపై ఇతడు వ్రాసిన వ్యాసము 1790లో ఎడింబరో రాయల్ సొసైటీ సంపుటములలో ప్రకటితమయ్యెను. క్రైస్తవమతాచార్యులు మొదలగువారి మూలమున దక్షిణదేశమునుండి ఫ్రాన్సుకు చేరి, బాయీ అను ఫ్రెంచి జ్యోతిర్వేత్త పరిశీలించిన గణితపట్టికలు దాని కాధారములు. వానిలో ఒకటి నరసాపురము పేర నుండెను. ప్రాచీనకాలమున ఐరోపావారికి భారతదేశముతో గల సంబంధములపై 1791లో గ్రంథము ప్రకటించిన విలియం రాబర్ట్‌సన్ పండితుడును రేబర్న్ ఎదుట కూర్చుండినవాడే. మన దేశమును చూడకయే మన పంచాంగముల గూర్చియు వర్తకమార్గముల గూర్చియు చింతించిన ఇట్టి ముఖములు ఎట్లుండెనో నేడు చూడగోరువాడు రేబర్న్ పటముల కడకే పోవలెను.

గడ్డకట్టిన డడ్డింగ్‌స్టన్ చెఱువుపై నల్లని దుస్తులతో, ఒంటికాలిపై, చేతులు కట్టుకొని మంచుమీద జారుచున్న రాబర్ట్ వాకర్ మతాచార్యుని చిన్నచిత్రము నేడు స్కాట్లండు దేశమునకే చిహ్నమైనది. దీనిని వ్రాసినది రేబర్న్ కాదనియు, ఫ్రెంచి విప్లవమునకు వెఱచి పారివచ్చి కొంతకాలము ఎడింబరోలో నున్న డాన్‌లూ అనువాడనియు 2005లో ఒక పండితుడు వాదము లేవదీసెను. జాతీయచిత్రశాల దీనిని రేబర్న్ పేరనే ఉంచినది. ఇంతటి సన్నని రేఖ ఇతని తక్కిన పటములలో అరుదన్నమాట నిజమే; కాని దంతపుపలకలపై వ్రాసిన వానికి సన్నని రేఖ తెలియదని ఎట్లనగలము?

1808వ సంవత్సరము రేబర్న్‌కు ఎంతో కీడు చేసెను. కుటుంబములోనివారితో కలిసి తనపేర నడచిన వర్తకసంస్థ దివాలా తీయుటచే, 52 ఏండ్ల వయస్సున కూడబెట్టినదంతయు పోయెను. రెండేండ్లకు లండనులో హాప్నర్ అను ప్రసిద్ధ రూపచిత్రకారుడు మరణింపగా, అతని స్థానము దొరకునేమోయని రేబర్న్ అచ్చటికి పోయి చూచెను. సర్ థామస్ లారెన్సు అచ్చట ఏకచ్ఛత్రముగా నేలుచుండెను. స్వస్థలమున మొదటివాడుగా నుండుటయే మేలని లారెన్సు చెప్పిన సలహాలో స్వప్రయోజనము లేకపోలేదని చరిత్రకారు లనుమానింతురు. సలహా ఎట్టిదైనను ఫలము మంచిదే. రేబర్న్ తిరిగివచ్చి, మరల 9 గంటలకు చిత్రశాల తలుపు తీసెను. అతని ఉత్తమకృతులలో పెక్కు ఈ నష్టము తరువాతివే.

1812లో వ్రాసిన గ్లెన్‌గారీ నాయకుడు మెక్‌డోనెల్ చిత్రము వానిలో నొకటి. 1745 తిరుగుబాటు అణగిన పిమ్మట కొండప్రాంతపువారు తమ గడులవస్త్రము ధరింపరాదని శాసనమైనది. 1782లో అది రద్దయినది. నిషిద్ధవేషము ఒక తరములో మహోత్సవవేషమైనది. తుపాకిపట్టి, ఆయుధములు వ్రేలాడు గోడముందు ఒకప్రక్కకు తిరిగి నిలుచున్న ఈ నాయకుడు పురాణవీరునివలె నున్నాడు. కాని ఇతని కుటుంబపు భూములనుండి కౌలుకాండ్రు వెడలగొట్టబడి ఓడలెక్కి కెనడాకు పోయిరను సంగతి మఱువరాదు. వారి ముఖములను ఎవరును వ్రాయలేదు. కన్నులయెదుట కూర్చుండినవారినే వ్రాయు నియమము గలవాని చిత్రశాలలోనికి, కూర్చుండుటకు సొమ్ములేనివారు రారు. ఇతని కళకు గల పరిమితి యని పైన నేనన్నది ఇదియే.

లండనులోని రాయల్ అకాడమీ 1812లో ఇతనిని సహసభ్యునిగను, 1815లో పూర్ణసభ్యునిగను ఎన్నుకొనెను. సభ్యుడైనవాడు ఒక కృతి సమర్పించవలెను. రేబర్న్ స్వీయచిత్రమును పంపగా, స్వీయచిత్రము నియమమునకు విరుద్ధమని వారు త్రిప్పిపంపిరి. దానికి బదులుగా ఇతడు పంపినది కుందేటిని పొదివికొన్న బాలుని చిత్రము. ఆ బాలుడు భార్య మొదటి పెండ్లివలని సంతానమునకు బిడ్డ, తన పేరే పెట్టుకొన్న మనుమడు; చెవిటివాడు, మాటరానివాడు. తెల్లనిచొక్కాపై వెలుగుపడి పైనున్న ముఖమును వెలిగించుచున్నది. పాతికేండ్లక్రితము పెనిక్విక్ ప్రభుదంపతులకు చూపిన ఆ ప్రతిఫలితకాంతినే, మాటలేని ఈ పసివాని కొఱకు ఇంకను మెత్తగా దించెను. అకాడమీవారి నియమ మెంత మేలుచేసినదో చూడుడు.

స్టాక్‌బ్రిడ్జిలోని తన భూములపై ఇతడు ఇండ్ల వరుసలు వేయించెను. వానిలో ముందు పూదోటలుగల వీథికి భార్యపేర ఆన్ వీథి యని పేరు. 1822 ఆగస్టులో నాలుగవ జార్జిరాజు ఎడింబరోకు విచ్చేసి, హోప్టన్ సౌధమున ఇతనికి సర్ బిరుద మిచ్చెను. మరుసటియేట స్కాట్లండునకు రాజచిత్రకారునిగా నియమించెను. ఆ పదవి ఇతనికి కొద్దివారములే దక్కెను. ఆ వేసవిలో సర్ వాల్టర్ స్కాట్ మొదలగు మిత్రులతో ఫైఫ్ ప్రాంతపు పురాతనశిథిలములు చూచుటకై పోయివచ్చి, జబ్బుపడి, 1823 జూలై 8వ తేదీన స్టాక్‌బ్రిడ్జిలోనే, పుట్టినయేటి యొడ్డుననే, మరణించెను.

స్కాట్‌ను ఇతడు 1808లోనే, దివాలాతీసిన ఆ సంవత్సరముననే, ఒక పుస్తకప్రకాశకుని కొఱకు, వెనుక శిథిలదుర్గమును, కాళ్ళకడ కుక్కయు నుండునట్లు వ్రాసియుండెను. చివరిదినములలో ఇతని కుంచె తాకిన పటములు మరల స్కాట్‌వే, రెండు. వేషములేదు, దుర్గములేదు, వయస్సు మీఱిన ముఖము మాత్రమే. ఒకటి మాంటేగు ప్రభువు అడిగి వ్రాయించుకొన్నది. రెండవది ఎవరును అడిగినది కాదు. దానిని రేబర్న్ తనకొఱకే వ్రాసికొనుచుండెను.